మూడో గుక్క

సాయంత్రం ఆరు గంటలంటే జునీల్దాకు గిట్టదు.

పదహారో ఏట కాసపా పల్లెల్లోంచి రాజధాని అసున్సియోన్‌కు ఇంటిపనికి వచ్చింది. ఇరవై ఏళ్ళలో నాలుగిళ్ళు మారి, పదకొండు మంది పిల్లల్ని పెంచింది. పాలు పట్టింది, జ్వరాలొస్తే పక్కన కూర్చుంది, తొలి అడుగులు చూసింది. కాని ఏ ఇంట్లోనైనా ఆరయ్యేసరికి గేటు చప్పుడయ్యేది. ఆఫీసునుంచి వచ్చిన తల్లి బ్యాగు అక్కడే పడేసి "ఇలా ఇవ్వు" అంటూ చేతులు చాచేది. పొద్దుటినుంచీ జునీల్దా భుజంమీద చొంగ కార్చుకుంటూ నిద్రపోయిన పిల్ల కాస్తా ఎగిరి అటు దూకేసేది. ఖాళీ అయిన చంకలో చెమట ఒక్కసారిగా చల్లబడేది. ఆ చల్లదనం ఆమెకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఈ ఇంటికొచ్చింది. పెద్దాసుపత్రికి రెండు వీధుల అవతల, గేటు దగ్గర చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుంటేగాని లోపలికి రానివ్వని ఇల్లు. కేన్సర్ వైద్యానికి దూరపు ఊళ్ళనుంచి వచ్చే పిల్లలూ, వాళ్ళ వెంట వచ్చే తల్లులూ ఉండడానికి పద్నాలుగు గదులున్నాయి. పడక, భోజనం, ఆసుపత్రికి వ్యాను, మంగళవారాలు పాఠాలు చెప్పే టీచరు, గురువారాలు తల్లుల గోడు వినే డాక్టరమ్మ, అన్నీ ఉచితమే. జునీల్దా బట్టలుతకడానికి చేరి వంటింట్లో స్థిరపడింది. ఇప్పుడామెకు యాభై ఏళ్ళు. పెద్దరికానికి గుర్తుగా అందరూ "న్యా జునీల్దా" అంటారు. ఇక్కడ ఆరు గంటలకు ఎవరూ వచ్చి పిల్లల్ని లాక్కుపోరు. ఆ ఒక్క సంగతి కోసమే ఆమె ఇంకెక్కడికీ పోలేదని చెప్పవచ్చు.

యెరుతి నాలుగో ఏట వచ్చింది, అమ్మమ్మ వేలు పట్టుకుని. రక్తపు కేన్సర్. తల్లి నీల్సా స్పెయిన్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉంది. కాగితాల్లేని మనిషి, అక్కడినుంచి కదిలితే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. ఆమె పంపే డబ్బుతోనే ఇక్కడ ఇల్లు నడవాలి. అందుకని ఫోను తెరమీదే కూతుర్ని చూసుకుంటూ ఉండిపోయింది. ఏడాది గడిచాక అమ్మమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఊరెళ్ళిపోయింది. నగరంలో ఉన్న దూరపు చుట్టం ఒకావిడ సంతకాలకు వచ్చిపోయేది. మిగతాదంతా జునీల్దాయే. మూడు నెలలు యెరుతి ఆమె మంచంమీదే పడుకుంది. నోట్లో పుళ్ళు లేచి ఏదీ సయించనప్పుడు మొక్కజొన్న ఉండల పులుసు వడగట్టి, ఊది ఊది తాగించింది. జుట్టు మళ్ళీ మొలుస్తుంటే ఆ నూగు మీద రోజూ అరచేత్తో నిమిరి ఎంత పెరిగిందో చూసేది. తనకు ఎవరూ ఇవ్వని చోటు చివరికి ఒక పిల్ల ఇచ్చిందనుకుంది.

అన్నిటికంటే కష్టం మాత్రలు. పసుప్పచ్చ మాత్ర రెండు ముక్కలు, కడుపు కోసం తెల్లది ఒకటి, రోజూ ఆరింటికి. వాటిని మింగించలేక నర్సు పెర్లా, అమ్మమ్మ ఇద్దరూ చేతులెత్తేశారు. మార్గం కనిపెట్టింది జునీల్దా.

చేదాకు మీద చన్నీళ్ళు పోసి గొట్టంతో పీల్చే తెరెరె ఆ ఇంట్లో నిషేధం. ఒకే కొమ్ము గ్లాసు, ఒకే గొట్టం వరసగా పదినోళ్ళు తిరుగుతాయి కదా, పిల్లల ఒంట్లో అసలే రోగం తట్టుకునే శక్తి ఉండదాయె. తల్లులు గేటు బయట చెక్కబల్లమీద కూర్చుని చన్నీళ్ళు పోసుకుంటూ, నవ్వుకుంటూ తాగి, నోరు పుక్కిలించి లోపలికొచ్చేవాళ్ళు. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. జునీల్దా పెర్లాను ఒప్పించి పిల్లకో కొమ్ము, పిల్లకో గొట్టం తెప్పించింది. గుర్తుకు తలో రంగు దారం కట్టింది. ఆకుకు బదులు కాచి చల్లార్చిన పుదీనా నీళ్ళు. యెరుతి గొట్టానికి పసుపు దారం. ఆరింటికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. మొదటి గుక్కతో ఒక ముక్క, రెండో గుక్కతో రెండో ముక్క, మూడో గుక్కతో తెల్ల మాత్ర. తాగి మాట్లాడకుండా గ్లాసు వెనక్కివ్వాలి. పెద్దవాళ్ళ వరసలో ఎలాగో అలాగే. మూడోది అయ్యాక యెరుతి వీపు నిటారుగా పెట్టి, పొలంనుంచొచ్చిన ముసలి రైతులా, "గ్రాసియాస్" అనేది. వరసలో ఆ మాట అన్నవాళ్ళకు ఇక చాలని అర్థం. వాళ్ళకు మళ్ళీ పొయ్యరు. అమ్మమ్మతో గ్వారానీ భాషలో పెరిగిన పిల్లకు, కృతజ్ఞతలు చెప్పే ఆ స్పానిష్ మాట తెరెరె దగ్గర తప్ప ఇంకెక్కడా అవసరం పడలేదు.

మే నెలలో నీల్సా వచ్చింది. కాగితాలు చేతికందిన వారానికే విమానమెక్కిందట.

వస్తూ వస్తూ తన ఎత్తులో సగమున్న బొమ్మను చంకన పెట్టుకొచ్చింది. సన్నటి మనిషి, ఇరవై ఏడేళ్ళుంటాయి. గేటు దగ్గర చెప్పులు విడవడం మర్చిపోయి, గుర్తొచ్చి వెనక్కెళ్ళి, మళ్ళీ వచ్చింది. జునీల్దా ముందుగా చూసింది ఆమె చెవుల్ని. యెరుతి చెవులే. పై అంచు కొద్దిగా మడతపడి, అచ్చుగుద్దినట్టు. ఏడాదిగా తను రోజూ తడి గుడ్డతో తుడిచిన చెవులు ఇంకొకరి తలకు అతికించి ఉన్నట్టనిపించింది.

యెరుతి పరుగెత్తుకొచ్చి జునీల్దా గౌను వెనక దాక్కుంది.

"అమ్మే! పో, ముద్దుపెట్టు" అంది జునీల్దా. గొంతులో తేనె పోసుకుని అంది. పిల్ల కదల్లేదు. జునీల్దా పిల్లను ముందుకు నెట్టినట్టే నెట్టింది గాని రెండో చెయ్యి పిల్ల భుజంమీదనుంచి తియ్యలేదు. నీల్సా ముఖం పాలిపోవడం చూసి ఆమెకు కలిగిన సుఖం ఎవరికీ చెప్పుకునేది కాదు.

వైద్యంలో గట్టి భాగం అయిపోయింది. ఇక రెండేళ్ళు ఇంటి దగ్గరే మాత్రలు మింగుతూ నెలకోసారి ఆసుపత్రికి వస్తే చాలు. కాని ఇంటికి పంపాలంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తీసుకెళ్ళే మనిషి వరసగా ఐదు సాయంత్రాలు, ఎవరి సాయం లేకుండా, మాత్రలన్నీ మింగించాలి. మింగించాక పెర్లా కాగితంమీద సంతకం చేస్తుంది. ఒక్కరోజు తప్పినా లెక్క మళ్ళీ మొదటినుంచి.

"న్యా జునీల్దా, మీరెలా వేస్తారో కాస్త చెబుతారా?" అని నీల్సా వంటింట్లోకి వచ్చి అడిగింది.

"ఏముందమ్మాయ్! కొమ్ములో పుదీనా నీళ్ళు పొయ్యి, మాత్ర ఇవ్వు, తాగేస్తుంది. మూడు గుక్కలు."

"గ్రాసియాస్, న్యా జునీల్దా. చాలా గ్రాసియాస్" అంది నీల్సా.

ప్రతిదానికీ అదే మాట. ఉప్పందిస్తే ఆ మాట, తలుపు తీస్తే ఆ మాట. స్పెయిన్‌లో ముసలావిడ గ్లాసు నీళ్ళిచ్చినా తీసుకున్నా ఆ మాట అనకపోతే ఊరుకునేది కాదట. నాలుగేళ్ళకు నాలిక దానికి అలవాటుపడిపోయింది.

మొదటి సాయంత్రం జునీల్దా దుప్పట్లు పట్టుకుని వరండాలో గది ముందునుంచి నడిచింది. దుప్పట్లు ఉత్త సాకు. తలుపు ఓరగా ఉంది.

"ఇదిగో తల్లీ, తాగు. భలే, భలే! ఒక ముక్క అయిపోయింది. అమ్మ గ్లాసు ఇచ్చినప్పుడు ఏమనాలి?"

పిల్ల గొట్టం వదిలి తల్లి ముఖం వంక చూసింది.

"చెప్పు మరి. పెద్దదానివైపోయావ్ కదా. గ్రా..."

"గ్రాసియాస్" అంది యెరుతి నెమ్మదిగా.

"నా బంగారమే! అమ్మ కూడా అంటుంది చూడు, గ్రాసియాస్. ఇప్పుడు రెండోది."

యెరుతి పెదాలు బిగించేసింది.

నీల్సా బతిమాలింది. కథ చెబుతానంది, బొమ్మతో చెప్పించింది. చివరికి ముక్కు మూసి పొయ్యబోయింది. పిల్ల మంచమంతా కక్కుకుంది. ఏం జరిగిందో జునీల్దాకు గుమ్మంలోనే అర్థమైపోయింది. ఒక్క మాట చాలు. తలుపు తోసి "అమ్మాయ్, దానిచేత ఆ మాట అనిపించకు" అంటే సరిపోయేది. జునీల్దా దుప్పట్లు గుండెకదుముకుని అలాగే నిలబడింది.

అరగంట పోయాక పెర్లా ఆమెనే పిలిచింది. జునీల్దా కూర్చుని గ్లాసు కడిగి, కొత్త వరస మొదలుపెట్టింది. కొత్త వరసలో పాత మాట చెల్లదు కదా. యెరుతి గుక్క, గుక్క, గుక్క, మూడూ తాగేసి "గ్రాసియాస్" అంది. నీల్సా గోడకు ఆనుకుని చూసింది. జునీల్దా అటు తల తిప్పలేదు. తిప్పితే తన ముఖంలో ఏముందో నీల్సా చదివేస్తుందని భయం.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మాత్రలైతే మానలేదు. రోజూ ఏడింటికి జునీల్దాయే వేస్తోంది. కాని పెర్లా కాగితం మాత్రం ఖాళీగానే ఉంది.

"ఏంటి న్యా జునీ, ఆ పెండలం చెక్కు తీస్తున్నావా, తోలు ఒలుస్తున్నావా?" అంది బసీలియా. దూరాన చాకో ప్రాంతంనుంచి కొడుకును తెచ్చుకున్న తల్లి, నోటికి తాళం లేని మనిషి. వంటింట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది.

"కర్రపెండలం గట్టిగా ఉంది."

"గట్టిగా ఉన్నది పెండలం కాదులే. ఆ స్పెయిన్ పిల్లంటే నీకు కన్నుకుట్టింది."

"నాకెందుకే కన్నుకుట్టడం? నాలుగేళ్ళు గాలికొదిలేసి, ఇప్పుడొక ప్లాస్టిక్ బొమ్మ పట్టుకొచ్చి అమ్మనంటే పిల్ల ఊరుకుంటుందా? పిల్లలకు తెలుస్తుంది ఎవరేంటో."

"ఆ బొమ్మ బాగుంది గానీ."

"నీకు నచ్చితే నువ్వే ఆడుకో."

"ఆడుకుంటా. కళ్ళు మూస్తుంది, తెరుస్తుంది, నా మొగుడు కూడా అంత చెప్పినమాట వినలా" అని బసీలియా జున్ను రొట్టె చీపా ముక్క నోట్లో కుక్కుకుని, నమలడం ఆపి, కాస్త మెల్లగా అంది. "ఆ నీల్సా రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తోంది న్యా జునీ. నీళ్ళ చప్పుడుకి వినపడదనుకుంటోంది. నాకు వినపడింది. నీకూ వినపడే ఉంటుంది."

వినపడింది. జునీల్దా గది ఆ గోడకు ఇవతలే.

నాలుగో రోజు మధ్యాహ్నం నీల్సా మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిజం చెప్పండి. మీరేదో చేస్తున్నారు. నేను చెయ్యనిదేదో. అదేంటో నాకు చెప్పండి, మీ కాళ్ళకు మొక్కుతా."

జునీల్దా కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. "నేనేం చెయ్యను అమ్మాయ్. దానికి నేనంటే అలవాటు, అంతే. అలవాటు నేర్పితే వచ్చేది కాదు."

నీల్సా తలూపింది. "అదే అనుకున్నా. ఒక పని చేద్దాం. మా ముసలావిడ ఇంకా ఎవర్నీ పెట్టుకోలేదు. నేను వెళ్ళిపోతాను. ఇది మీ దగ్గరే ఉంటుంది. పెర్లాగారితో, ఈ ఇల్లు నడిపే పెద్దావిడతో నేను మాట్లాడతా, కాగితాలు రాసిస్తా. కన్నది నేనైనా... దాని ఒంటికి మంచిదేదో అదే జరగాలి కదా. దానికి అమ్మవి మీరే. గ్రాసియాస్, న్యా జునీల్దా."

ఆమె వెళ్ళాక జునీల్దా పొయ్యి మీది పులుసు అడుగంటేదాకా కదల్లేదు. జీవితమంతా గేటు చప్పుడుకు ఉలిక్కిపడిన మనిషికి, ఇక ఆ గేటు మోగదని ఎవరో మాటిచ్చినట్టయింది. పిల్లకు ఏ గదిలో ఎలాంటి మంచం వెయ్యాలో అప్పుడే ఆలోచన వచ్చేసింది. కిటికీ పక్కన. వచ్చే ఏడు బడి. తెల్ల చొక్కాకు గుండీలు తనే కుట్టాలి.

ఆ సంతోషాన్ని మూటగట్టుకుని పిల్లను చూడ్డానికి వెళ్ళింది. మధ్యాహ్నపు నిద్రవేళ. నీల్సా లేదు, ఫోను చేయడానికి గేటు బయటికెళ్ళినట్టుంది. యెరుతి నిద్రపోలేదు. నేలమీద కూర్చుని, పెద్ద బొమ్మను మంచం కోడుకు ఆనించి, దాని నోటికి పసుపు దారం గొట్టం అందిస్తోంది.

"మాట్లాడకూడదు" అని బొమ్మకు చెబుతోంది. "తాగి, గ్లాసివ్వు. ఆ మాట అనకు. అన్నావంటే అయిపోతుంది. అప్పుడు నీకిక పొయ్యరు."

"బొమ్మ ఎవరు?" అంది జునీల్దా గుమ్మంలోంచి.

"అమ్మ."

"మరి అమ్మ మాట్లాడుతోందా?"

యెరుతి తలూపింది. గ్లాసులోకి తొంగిచూస్తూ అంది. "ఎప్పుడూ అంటుంది. నేను గ్లాసిచ్చినా అంటుంది, బొమ్మనిచ్చినా అంటుంది. నన్ను కూడా అనమంటుంది. అమ్మకి నేను చాలు, జునీ."

"చాలడం ఏంటే?"

"ఇక చాలట. లేచి వెళ్ళిపోతుంది మళ్ళీ." పిల్ల గ్లాసును ఒళ్ళోకి లాక్కుంది. "నేను రెండోది తాగకుండా దాచిపెట్టా. వరస అయిపోకపోతే అమ్మ లేవదు కదా?"

జునీల్దా గుమ్మం పట్టుకుంది. మూడు సాయంత్రాలుగా పిల్ల పెదాలు బిగించింది తల్లిని వద్దనడానికి అనుకుంది. తనను కావాలనుకుని అనుకుంది. నిజానికి తను కూర్చోగానే పిల్ల గుక్క, గుక్క, గుక్క అని చకచకా ముగించేసింది, తన దగ్గర ఎంత తొందరగా ముగించినా నష్టం లేదని. ఈ మనిషి ఎక్కడికీ పోదు, వంటింట్లోనే ఉంటుంది. పోయే మనిషి కోసమే పిల్ల రెండో గుక్క దాచింది.

పదకొండు సార్లు చల్లబడిన చంక పన్నెండోసారి చల్లబడింది. అన్నిటికంటే ఎక్కువగా.

గేటు బయట చెక్కబల్లమీద నీల్సా ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది, ఇంకా నంబరు నొక్కలేదు. జునీల్దా చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్ళి ఆమె ముందు నిలబడింది. కళ్ళల్లో నిప్పులున్నాయి. మంచితనం పొంగి వెళ్ళిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

"నువ్వు ఏ దేశపు మనిషివే?" అంది.

"అదేంటండీ..."

"తెరెరె తాగి ఎన్నాళ్ళయింది నీకు? వరసలో గ్రాసియాస్ అంటే ఏంటి?"

"ఇక చాలని..." అని నీల్సా ఆగిపోయింది. ఫోను ఒళ్ళోకి జారింది. మెల్లగా చేత్తో నోరు మూసుకుంది.

"మొదటి గుక్కకే దానిచేత చాలనిపిస్తున్నావ్. నువ్వూ రోజుకు నూరుసార్లు చాలంటున్నావ్. అది నువ్వు లేచి వెళ్ళిపోతావని ఏడుస్తోంది. గాడిద కూడా అంత..." మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "నాకు మొదటి రోజే తెలుసు. తలుపు పక్కనుంచి విన్నా. చెప్పలేదు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలీదా? చెవులు నీవి పెట్టుకుని పుట్టింది, ఇంకేం కావాలి నీకు?"

నీల్సా తిట్టలేదు. ఏడవలేదు కూడా. ఏదో అనడానికి నోరు తెరిచి, అలవాటైన మాట పెదవులదాకా వచ్చి, అక్కడే మింగేసింది. అది చూసి జునీల్దా వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కాళ్ళకంటిన ఎర్రమట్టితో గచ్చంతా ముద్రలు పడ్డాయి. తర్వాత తనే తుడుచుకుంది.

ఆ సాయంత్రం తలుపు పూర్తిగా తెరిచే ఉంచారు. జునీల్దా వరండాలో బట్టలు మడతపెడుతూ ఉంది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మొదటి గుక్క. గ్లాసు మాట్లాడకుండా వెనక్కి వచ్చింది, మాట్లాడకుండా మళ్ళీ వెళ్ళింది. రెండో గుక్కకు ముందు పిల్ల చాలాసేపు తల్లి నోటివంకే చూసింది. నీల్సా పెదవుల్ని పళ్ళకింద పట్టి ఉంచింది. రెండో గుక్క. మూడో గుక్క. తర్వాత యెరుతి ఖాళీ గ్లాసు చాపి అంది. "ఇంకోటి."

"మాత్రలైపోయాయి తల్లీ."

"నీళ్ళు పొయ్యి."

పోసింది. నాలుగోది తాగింది. ఐదోది తాగింది. పుదీనా నీళ్ళు అయిపోతే నీల్సా వంటింట్లోకి పరుగెత్తి మంచినీళ్ళు తెచ్చింది. పెర్లా చేతిలో కాగితం పట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. "ఇవాళ్టికి సంతకం పెట్టనా, ఇంకా తాగుతారా?" అంది. జునీల్దాకు నవ్వు రాలేదు. ఏడాదిలో ఏనాడూ పిల్ల తన దగ్గర నాలుగో గుక్క అడగలేదు.

ఐదు సంతకాలూ పూర్తయ్యాయి. శనివారం పొద్దున్న వ్యాను వాళ్ళను బస్సు స్టాండుకు తీసుకెళ్ళాలి. గేటు బయట సంచులు, పెద్ద బొమ్మ, జునీల్దా చుట్టిచ్చిన చీపాల మూట. వ్యాను వచ్చేలోపు చెక్కబల్లమీద నీల్సా వరస పెట్టింది. నీల్సా పోస్తోంది. యెరుతికి పసుపు దారం, బసీలియాకు ఎరుపు. జునీల్దా కోసం కొత్త కొమ్ము కొని, గొట్టానికి నీలం దారం కట్టింది.

"రండి న్యా జునీల్దా. పెద్దవాళ్ళు లేకుండా వరసేంటి?"

జునీల్దా కూర్చుంది. పిల్ల ఎటు కూర్చుంటుందో ఓరకంట చూసింది. తల్లి పక్కనే కూర్చుంది, తల్లి చొక్కా అంచు వేలికి చుట్టుకుని. జునీల్దా కొమ్ము అందుకుని తాగింది. నీళ్ళు చల్లగా, పుదీనా వాసనతో గొంతులోకి దిగాయి.

వీధి మలుపులో వ్యాను హారన్ మోగింది. బసీలియా తాగి, "గ్రాసియాస్" అని లేచి సంచులందుకుంది. యెరుతి తాగి, వీపు నిటారుగా పెట్టి, "గ్రాసియాస్" అంది. ఇప్పుడు ఆ మాట అనడానికి పిల్లకు భయం లేదు. నీల్సా నీలం దారం కొమ్ము కోసం చెయ్యి చాచింది, వరస ముగిసే మాట కోసం ఎదురుచూస్తూ.

జునీల్దా ఖాళీ కొమ్ము ఆమె చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు.

నీల్సా ఆమె ముఖంలోకి చూసింది. వ్యాను గేటు ముందుకొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు కేకేశాడు. నీల్సా కదలకుండా కూర్చుని, కూజా వంచి, ఇంకోటి పోసింది.